బడి గోడ మీద వాన లెక్క

అనంతపురం జిల్లా పరిషత్ హైస్కూళ్లలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఎకో క్లబ్బు, హరిత దళం లాంటివి ఏ బడికి వెళ్లినా నా నెత్తినే పడేవి. సైన్సు మాస్టరు నుదుట అది రాసిపెట్టే ఉంటుంది. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఫోన్ చేసి, "సార్, వాతావరణ మార్పు మీద పిల్లలతో ఏదైనా చేయించమంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి నంబర్లు వేసి రాస్తున్నాను. కొన్ని మీ బడికి పనికొస్తాయి, కొన్ని రావు. మీ ఊరు చూసుకుని ఏరుకోండి.

1. జూన్ 5ను నమ్ముకోకండి.

ప్రపంచ పర్యావరణ దినోత్సవం 1973 నుంచి జూన్ 5నే జరుగుతోంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బడులు తెరిచేదేమో మామూలుగా జూన్ 12 ప్రాంతంలో. అంటే ఆ రోజు బడికి తాళం వేసి ఉంటుంది. అయినా కార్యక్రమం జరగాలి, ఫోటో పైకి వెళ్లాలి. ఊళ్లో దొరికిన పదిమంది పిల్లల్ని పోగుచేసి, చేతికి ప్లకార్డులిచ్చి, ఒక మొక్క చుట్టూ ఏడుగురు పెద్దలు చేతులు పెట్టి నిలబడితే ఆ ఏటికి పర్యావరణం అయిపోయినట్టే.

ర్యాలీ వద్దని నేననను. పిల్లలకు హుషారు, ఊరికి కాస్త సందడి. అయితే ర్యాలీలో అరిచిన పిల్లవాడికి మర్నాడు పొద్దున చెయ్యడానికి ఒక పని ఉండాలి. ఆ పని ముందు సిద్ధం చేసుకోండి. నా మటుకు నాకు అసలు ఏడాది మృగశిర కార్తెతో మొదలవుతుంది. బడి తెరవడం, రైతు మబ్బుకేసి చూడటం రెండూ అప్పుడే. అంతకన్నా మంచి ముహూర్తం ఏ అంతర్జాతీయ సంస్థా పెట్టలేదు.

2. మొట్టమొదట వాన కొలవండి.

మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుందని పిల్లలు బట్టీ పట్టి చెప్పేస్తారు. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎంత అని అడిగితే బిక్కమొహం వేస్తారు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు నీళ్లు. ఇదొక్కటి అర్థమయ్యాక మిగతాదంతా వాళ్లే లాగుతారు. బడి మిద్దె రెండు వందల చదరపు మీటర్లు ఉందనుకోండి, ఇరవై మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే నాలుగు వేల లీటర్లు. "అన్ని నీళ్లు ఎక్కడికి పోయినాయి సార్?" అని ఎవడో ఒకడు అడుగుతాడు. నేను చెప్పేవాణ్ణి కాదు. గొట్టం వెంట నడిచి చూసి రమ్మనేవాణ్ణి. గేటు పక్క మురుగ్గుంటలో కలిసిపోతున్నాయని వాళ్లే కనిపెట్టేవారు. ఇంకుడుగుంత ఎందుకో ఆ తర్వాత ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

వర్షమాపకం కొనడానికి డబ్బు లేకపోతే రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా చాలు. పైభాగం కోసి, బోర్లించి గరాటులా అదే సీసాలో పెట్టండి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, గోడలు నిటారుగా మొదలయ్యేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీసి, పైకి స్కేలు అంటించండి. ఆ గీత దాకా నీళ్లు ఎప్పుడూ ఉండాలి. చెట్టుకూ గోడకూ దూరంగా, ఆరుబయట, గాలికి పడిపోకుండా ఇటుకల మధ్య నిలబెట్టండి. వాతావరణశాఖ వాళ్లు పొద్దున ఎనిమిదిన్నరకు రీడింగ్ తీస్తారు, మీరూ అప్పుడే తీయించండి. వాన లేని రోజు కూడా సున్నా అని రాయించాలి. ఖాళీగా వదిలేస్తే అది వాన పడని రోజో, పిల్లవాడు రాని రోజో నెల తర్వాత ఎవరూ చెప్పలేరు.

ఆ అంకెలు నోటుబుక్కులో దాచకుండా రోడ్డు వైపు గోడ మీద నల్లరంగు పూయించి సుద్దతో రాయించాను. అప్పుడు మొదలైంది అసలు చదువు. రైతులు వాన లెక్క మిల్లీమీటర్లలో చూడరు, పదునులో చూస్తారు. నాగలి పదునైందా, విత్తనం పదునైందా, అంతే. చేనుకు వెళ్తూ వెళ్తూ ఒకాయన గోడ దగ్గర ఆగి, "ఏమప్పా, మీరు పదహారు రాసినారు, మా చేలో జానెడు కూడా తడవలేదే" అన్నాడు. పిల్లలు ఆయన చేను దాకా వెళ్లి పారతో తవ్వి తడి ఎంత లోతు దిగిందో కొలిచారు. ఎర్రనేలలో ఒకలా, నల్లరేగడిలో ఒకలా దిగింది. ఊరికి పడమర చేలల్లో వాన అసలు తక్కువే పడింది. ఒక్క ఊళ్లోనే ఇంత తేడా ఉంటే ఎక్కడో పెట్టిన కేంద్రం రీడింగుతో పంటల బీమా లెక్క కడితే ఏమవుతుందో తొమ్మిదో తరగతి పిల్లలు నాతో వాదించారు. వాతావరణ ఆధారిత బీమా ఉన్న ఏళ్లలో మా వేరుశనగ రైతుల గొడవంతా అదే మరి.

3. ఊళ్లో ఇదివరకే కొలిచినవాళ్లుంటే వాళ్ల దగ్గరికి వెళ్లండి.

2000 తర్వాతి దశాబ్దంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఒక కార్యక్రమం నడిచింది. రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు అందరూ కూర్చుని భూమిలో ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలని లెక్క వేసుకునేవారు. పెద్దగా చదువుకోని ఆడవాళ్లు కూడా బోరులోకి టేపు దింపి మట్టం చెప్పేవారు. మా జిల్లాలో ఇప్పటికీ అలాంటివాళ్లు కనిపిస్తారు. వాళ్లను ఒక్క పూట బడికి పిలవండి. పట్నం నుంచి వచ్చిన వక్త పవర్‌పాయింట్ చూపిస్తే పిల్లలు నిద్రపోతారు. తమ ఊరి రైతు టేపు చేతపట్టుకుని వస్తే బోరు చుట్టూ మూగుతారు.

4. రెండేళ్ల లెక్కతో పెద్ద మాటలు చెప్పనివ్వకండి.

ఒక మే నెల ఎండ మండితే "గ్లోబల్ వార్మింగ్ సార్" అనీ, మరుసటి ఏడు చెరువు నిండితే "అంతా ఉత్తదే సార్" అనీ అదే పిల్లవాడు అంటాడు. ఈ రోజు ఎండ వేరు, శీతోష్ణస్థితి వేరు. ఒక ప్రాంతపు శీతోష్ణస్థితి గురించి మాట్లాడాలంటే కనీసం ముప్పై ఏళ్ల సగటు చూడాలని ప్రపంచ వాతావరణ సంస్థ పద్ధతి. మన గోడ మీది లెక్క అయిదేళ్లు నడిచినా వాతావరణ మార్పును రుజువు చెయ్యదు. ఆ మాట పిల్లలకు ఖచ్చితంగా చెప్పండి. అయినా ఎందుకు రాయాలంటే, ఊరి నీళ్ల గురించి ఊరు మాట్లాడుకోవడానికి.

ముసలివాళ్లను అడిగి రాసుకురమ్మనడం మంచి పనే, కానీ అక్కడా జాగ్రత్త. "మా కాలంలో వానలు బాగా పడేవి" అని ప్రతి అవ్వా చెబుతుంది. నన్నడిగినా అదే చెబుతాను. కొర్ర, సామ, ఆరిక, జొన్న పోయి ఎటు చూసినా వేరుశనగ వచ్చిందని కూడా చెబుతారు. అది నిజం. అయితే ఆ మార్పు వాన వల్ల వచ్చిందా? గింజకు పలికిన ధర, నూనె మిల్లు, రెండు రూపాయల బియ్యం ఇవన్నీ కలిసి తెచ్చిన మార్పు అది. జరిగినదానికల్లా వాతావరణాన్నే బాధ్యురాలిని చేస్తే మనిషి చేసిన పనులు తప్పించుకుపోతాయి. ఇది పిల్లలకు చెప్పడం కష్టమనుకుంటారు గానీ, వాళ్ల తాతలతో మాట్లాడించి చూడండి, వాళ్లే చెబుతారు.

5. ఒక్క ఫ్యాను ఇంటి పిల్లకు పొదుపు పాఠం చెప్పకండి.

"మీ కార్బన్ పాదముద్ర తగ్గించుకోండి" అని ఒక శిక్షణ కరపత్రంలో చూశాను. మా బడి పిల్లల ఇళ్లలో ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక టీవీ. నాన్న ఉపాధి పనికి, అమ్మ కూలికి. తగ్గించుకోవడానికి వాళ్ల దగ్గర ఏముంది? ప్రపంచంలో సగటు మనిషి వాటాగా ఏడాదికి నాలుగైదు టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంటే, అమెరికావాడి వాటా పద్నాలుగు టన్నుల దాకా ఉంది, సగటు భారతీయుడిది రెండు టన్నులు. మా ఊరి కూలి ఇంటిది అందులో ఎంతో మీరే ఊహించుకోండి. ఈ అంకెలు బోర్డు మీద రాసి ఊరుకున్నాను. అన్యాయం ఎక్కడుందో పదో తరగతి పిల్లలకు వేలుపెట్టి చూపించనక్కర్లేదు.

హైదరాబాదులో మా మనవడు చదివే బడి సంగతి వేరు. ఏసీ గదులు, ఒక్కో పిల్లవాడికి ఒక కారు, గేటు బయట అరగంట ఇంజన్లు ఆపకుండా నిలబడే వరస. అక్కడ కరెంటు బిల్లు తెప్పించి పిల్లల చేతికివ్వండి. మన దేశంలో కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది, ఒక యూనిట్‌కు ముప్పావు కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. నెల బిల్లును దానితో గుణించమనండి. ఆ పిల్లలు చెయ్యాల్సిన పని వేరు, మా పిల్లలు నేర్చుకోవాల్సింది వేరు. రెండు బడులకూ ఒకే కరపత్రం పంపేవాళ్లను నేను మెచ్చుకోలేను.

6. మొక్క నాటే ముందు ఏప్రిల్‌లో నీళ్లెవరు పోస్తారో చెప్పండి.

క్లీన్ అండ్ గ్రీన్ చూశాను, నీరు-మీరు చూశాను, వనం-మనం చూశాను. పక్క రాష్ట్రంలో 2015లో హరితహారం వచ్చింది. నాటిన మొక్కల లెక్క అందరి దగ్గరా ఉంటుంది. బతికినవాటి లెక్క అడగండి, కాగితాలు వెతుక్కుంటారు. ఈమధ్య ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి కూడా. సిగ్నల్ కోసం మొక్కతో సహా మిద్దెక్కిన టీచరు నాకు తెలుసు.

మా బడిలో రివాజు ఇది. మొక్క ఆరో తరగతికి ఇస్తాం. ఆ పిల్లలు ఇంకా అయిదేళ్లు ఇక్కడే ఉంటారు. పదో తరగతివాడు నాటితే మార్చి తర్వాత దాని మొహం చూసేవాడుండడు. ఒక్కో మొక్క ఒక్కొక్కరి పేరున కాకుండా నలుగురికో మొక్క. పేరు పెట్టిన మొక్క ఎండితే ఆ పిల్ల ఏడుపు ఆపడం కష్టం, పైగా జ్వరం వచ్చినా బడికి వచ్చేస్తుంది. చుట్టూ ముళ్లకంప తప్పనిసరి, మేకకు పర్యావరణం తెలియదు. వేప, కానుగ, చింత, నేరేడు మా నేలకు తెలిసిన చెట్లు. తొందరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ తెచ్చి పెట్టారు చాలాచోట్ల. తెలంగాణలో 2022లో దాన్ని నాటవద్దన్నారు. అధికారులు నర్సరీ నుంచి ఏది పంపితే అది దించుకోకుండా, మాకు ఫలానా మొక్క కావాలని ముందే రాసివ్వండి. గుంతలు తీయడానికి, నీళ్లకు ఉపాధి హామీని అడగండి. ఆ పథకం దేశానికంతటికీ 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే, అడగడానికి మొహమాటం దేనికి?

ఉన్న చెట్టును చూడటం కూడా పనే. కేరళలో చాలా బడుల పిల్లలు సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో వారానికోసారి ఒక చెట్టు దగ్గరికి వెళ్లి చిగురు, పూత, కాయ రాసుకుంటారు. మన వేపపూత ఉగాదికి వచ్చిందా, ముందే వచ్చి రాలిందా అన్నది రాయడానికి డబ్బేమీ అక్కర్లేదు.

7. ఎండ గురించి మాట్లాడేటప్పుడు మరుగుదొడ్డి గురించి కూడా మాట్లాడండి.

2015 మే నెల వడగాడ్పులు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీశాయి. పోయినవాళ్లలో ఎండలో పనిచేసే కూలీలు, ముసలివాళ్లే ఎక్కువ. 2024లో ఎండలు, వరదలు, తుపానుల వల్ల 85 దేశాల్లో 24 కోట్లకు పైగా పిల్లల చదువుకు అంతరాయం కలిగిందని యూనిసెఫ్ లెక్క కట్టింది. మనకు ఒంటిపూట బడులు మార్చి నడిమికే వస్తాయి. ఏటా ఎన్ని పాఠాలు ఎండకు కరిగిపోతున్నాయో ఎవరూ లెక్క వెయ్యరు.

ల్యాబులో థర్మామీటర్లు బీరువాలో పడి ఉంటాయి కదా, వాటిని బయటికి తియ్యండి. రేకుల గదిలో ఒకటి, మిద్దె గదిలో ఒకటి, వేపచెట్టు కింద ఒకటి వేలాడదీసి గంటకోసారి రాయించండి. మేము ఒక గది మిద్దెకు తెల్లసున్నం కొట్టించి పక్క గదితో పోల్చాం. మధ్యాహ్నానికి రెండు మూడు డిగ్రీల తేడా కనిపించింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే ఒక విధానం తెచ్చింది, చల్లని కప్పుల విధానం. మాకు దానికన్నా ముందు సున్నం దొరికింది, అంతే.

ఇక నీళ్ల గంట. కేరళ బడుల్లో 2019లో పేరొచ్చింది, తర్వాత మన దగ్గరా మొదలైంది. గంట కొట్టగానే పిల్లలంతా నీళ్లు తాగాలి. మా బడిలో గంట మోగితే మగపిల్లలు గటగటా తాగేవారు, ఆడపిల్లలు సీసా పెదవికి తాకించి మూత పెట్టేవారు. ఎందుకో నాకు తట్టలేదు. తెలుగు టీచరమ్మ చెప్పింది: మరుగుదొడ్డికి నీళ్లు రావు, గడియ లేదు, అందుకని సాయంత్రం ఇంటికెళ్లేదాకా తాగరు. గడియ బిగించి, కుళాయి పెట్టించాక సీసాలు ఖాళీ అయ్యాయి. వడదెబ్బ మీద ఎన్ని చార్టులు అతికించినా ఆ గడియ చేసిన పని చెయ్యవు. ఎండల కార్యక్రమం పెట్టే ముందు ఆడపిల్లలను ఒక టీచరమ్మ చేత విడిగా అడిగించండి.

8. వంటగదిలో తూకం వెయ్యండి, తిట్టకండి.

మధ్యాహ్న భోజనంలో ఎంత పారేస్తున్నారో స్ప్రింగు త్రాసుతో బకెట్టును తూచి రాయించవచ్చు. అయితే ఎవరు వదిలేశారని పేర్లు రాయకండి. అన్నం మెత్తగా అయిన రోజు వృథా ఎక్కువ ఉంటుంది, గుడ్డు ఉన్న రోజు తక్కువ. వంట చేసే ఆడవాళ్లతో కూర్చుని ఆ పట్టిక చూపిస్తే వాళ్లే దారి చెబుతారు. చేతులు కడిగే నీళ్లు పారే చోట మునగ, కరివేపాకు పెట్టండి, అవే పప్పులోకి వస్తాయి. ఈ పాఠం ఇంతే.

9. పిల్లలను ముందు పెట్టి మీరు వెనక దాక్కోకండి.

ఒక కుర్ర టీచరు ఉత్సాహంగా, "సార్, ఏట్లో ఇసుక లారీలు ఎన్ని పోతున్నాయో పిల్లల చేత రాయిస్తాను" అన్నాడు. వద్దన్నాను. ఇసుక వెనక డబ్బుంది, రాజకీయం ఉంది. ఆ లెక్క రాయాల్సింది పెద్దలు, అధికారులు. పన్నెండేళ్ల పిల్లను లారీ నంబరు రాసుకునే చోట నిలబెట్టడం నేరం కిందే లెక్క. స్వీడన్‌లో గ్రెటా థన్‌బర్గ్ 2018లో బడి మాని పార్లమెంటు ముందు కూర్చుంది, మన రిధిమా పాండే 2017లో తొమ్మిదేళ్ల వయసులో హరిత ట్రిబ్యునల్ తలుపు తట్టింది. వాళ్లకు నా నమస్కారం. కానీ అలాంటి పిల్లలను చూపించి మన బడి పిల్లల మీద భూమి భారం వెయ్యకూడదు. "మేం పెద్దయ్యేసరికి నీళ్లుంటాయా సార్?" అని ఒక పాప అడిగితే, ఉంటాయనీ చెప్పలేదు, ఉండవనీ చెప్పలేదు. బోరు మట్టం రిజిస్టరు తీసి, ఏ ఏడు పెరిగింది, ఏ ఏడు తగ్గింది, పెరిగిన ఏడు ఊరు ఏం చేసింది అని ఇద్దరం చూశాం.

10. కొత్త పీరియడు అడగకండి.

హెచ్.ఎం. ఒప్పుకోరు, పదో తరగతి తల్లిదండ్రులు అసలు ఒప్పుకోరు. సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో 1991లోనే పర్యావరణాన్ని బడుల్లో చెప్పాలంది, 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది. పుస్తకం వచ్చింది, పరీక్ష వచ్చింది, బట్టీ కూడా వచ్చింది. అందుకని ఉన్న పాఠాల్లోకే చొరబడాలి. పదో తరగతి గణితంలో సాంఖ్యకశాస్త్రం ఉంది. గైడులోని మార్కుల పట్టిక బదులు మన వాన పట్టికకు సగటు, మధ్యగతం కట్టించండి. తెలుగులో లేఖారచన ఉంది, సర్పంచికి నిజంగా లేఖ రాయించి నిజంగా పంపండి. జవాబు రాకపోతే గుర్తుచేస్తూ మరో లేఖ, అదీ పాఠమే. బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి ఉంది. 2014, 2015ల్లో దాని అంశం వాతావరణాన్ని అర్థం చేసుకోవడమే. గోడ మీద లెక్కలున్న బడికి అలాంటప్పుడు ప్రాజెక్టు సగం చేతిలో ఉన్నట్టే. ప్రాజెక్టు మాత్రం పిల్లలే చెయ్యాలి. టీచరు చేసి పిల్లల చేత చదివిస్తే జడ్జీలు కనిపెట్టరేమో గానీ పిల్లలకు తెలుస్తుంది.

11. లెక్కను ఊరి ముందు చదివించండి.

ఆగస్టు 15న, జనవరి 26న జెండా దగ్గరికి ఊరు ఊరంతా వస్తుంది. గ్రామసభలకూ అవే తేదీలు. మిఠాయి పంచే ముందు అయిదు నిమిషాలు చాలు. ఖరీఫ్‌లో ఇంత వాన, బోర్లలో మట్టం ఇంత, పోయిన ఏటికన్నా ఇంత తక్కువ, అని ఎనిమిదో తరగతి పిల్ల చదువుతుంది. ఉపన్యాసం వద్దు, వరి వెయ్యకండని నీతులు వద్దు. ఒక జనవరిలో అలా చదివాక ఇద్దరు ముగ్గురు రైతులు గోడ దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. వాళ్లు ఆ తర్వాత ఏం వేశారో నేను కనుక్కోలేదు. అది వాళ్ల చేను.

12. మీరు బదిలీ అవుతారని గుర్తుపెట్టుకోండి.

టీచరు పోతే పనీ పోవడం మన బడుల్లో మామూలే. రిజిస్టరు మీ పేరున కాకుండా బడి పేరున స్టాకు పుస్తకంలో ఎక్కించండి. ఎలా కొలవాలో ఒక పేజీ రాసి దాని మొదటి అట్టకు అంటించండి. తొమ్మిదోవాళ్లు వెళ్లే ముందు ఏడోవాళ్లకు నేర్పాలి. ఆదివారాలు, సెలవులు బడికి దగ్గరింటి పిల్లలకు అప్పగించండి. మే నెలలో మామిడి రాల్చే వానలు సెలవుల్లోనే పడతాయి, వాటిని వదిలేస్తే ఏడాది మొత్తం తప్పు వస్తుంది. గేటు తాళంచెవి ఒకటి వంట చేసే ఆయమ్మ దగ్గర ఉంచండి. ఆమెది ఆ ఊరే, ఎక్కడికీ పోదు. ఇన్‌ఛార్జిగా సంతకం మాత్రం టీచరుదే ఉండాలి, లేకపోతే రేపు ఎవరైనా తనిఖీకి వచ్చినప్పుడు ఆమెను నిలదీస్తారు.